ఎర్ర పటం

పదకొండు గంటలకల్లా ఆరోగ్య కార్యాలయంలో పై అధికారుల ముందు తన రెండు పటాలూ పరచాలన్నది అక్కడ పటాలు గీసే పటాలమ్మాయి ఆ ఉదయం వేసుకున్న ప్రణాళిక. ఏ ప్రాంతంలో ఎండ ఎంత కాస్తుందో ఒక షీటులో, చర్మ క్యాన్సర్ ఎంతమందికి వచ్చిందో ఇంకో షీటులో రంగులు వేసింది. పక్కపక్కన పెడితే ఎండకూ జబ్బుకూ ఉన్న సంబంధమేమిటో తేలుతుంది. రెండింటికీ నెత్తిన ఒకే శీర్షిక: 'ప్రాంతాల వాతావరణం – చర్మ క్యాన్సర్'. ఏ రంగుకు ఏ అర్థమో చెప్పే కాగితం మాత్రం ఆమె సంచిలోనే ఉంది.

అసలు దిగులు ఇంట్లో ఉంది. నాన్న మెడ మీది మచ్చ ఆరు నెలలుగా పెరుగుతోంది. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు.

"ఒక్కసారి డాక్టరుకి చూపిద్దాం నాన్నా" అని ఆ పూట కూడా బతిమాలింది.

"పెరిగిందని నువ్వంటే సరిపోతుందా? కొలతేదీ? రుజువేదీ?" అంటూ ఆయన పేపర్లో తల దూర్చేశారు.

పటాలమ్మాయికి ఒళ్లు మండింది. బల్ల మీద చుట్టి ఉంచిన పటం చంకన పెట్టుకొని విసవిసా వెళ్లిపోయింది. తెచ్చింది ఒక్క చుట్టేనని ఆఫీసుకు చేరాక గానీ చూసుకోలేదు.

మిగిలిన చుట్టను మాస్టారు విప్పారు. శీర్షిక చదివారు. తమ ఊరున్న చోట ఎరుపు భగభగలాడుతోంది. వెంటనే పక్కింటి టైలర్‌ను కేకేశారు. టైలర్ టేపు పరిచి అటూ ఇటూ కొలిచాడు.

"మాస్టారూ, ఎరుపుకి సరిగ్గా నడిమధ్యన మన వీధేనండీ!"

కొలత దొరికింది. మాస్టారి చెయ్యి దానంతటదే మెడ మీదకు పోయింది. మాట దాచుకోవడం టైలర్ వంట్లో లేదు కనుక అరగంటలో వీధివీధంతా కిటికీలు బిగించుకుంది. గంటలో గొడుగులు వేసుకొని, పటాన్ని ముందు పట్టుకొని, చర్మవైద్యురాలి దగ్గరకు బయల్దేరింది.

రెండో చుట్ట కోసం పరుగున వచ్చిన పటాలమ్మాయికి ఇంటికి తాళం కనిపించింది. టైలర్ కొట్టు తలుపు మీద చీటీ ఉంది: 'అందరం క్యాన్సర్ పరీక్షకి వెళ్లాం. బట్టలు రేపు.' అదే పరుగున క్లినిక్‌కు వెళ్లింది.

అక్కడ నలభై మంది, గోడకు తన పటం!

"అయ్యో, అది ఎండ..." అనబోయి ఆగింది. వరసలో మొట్టమొదట నాన్న ఉన్నారు. చొక్కా పై గుండీ విప్పుకున్నారు. నర్సు రమ్మని పిలిచింది. ఆరు నెలలు బతిమాలినా కదలని మనిషి! నిజం మూడు నిమిషాలు ఆగితే కొంపలేం మునగవనుకొని పటాలమ్మాయి నోరు మూసుకుంది.

వైద్యురాలు భూతద్దంతో అన్ని వైపుల నుంచీ చూసింది. "వయసుతో వచ్చే మచ్చండీ. క్యాన్సర్ కాదు. నిశ్చింతగా ఉండండి."

పటాలమ్మాయి అక్కడే బెంచీ మీద కూలబడి హాయిగా ఏడ్చింది. ఏడుపు తీరాక, ఆ ఎరుపు ఎండకే గానీ జబ్బుకు కాదన్న అసలు సంగతి చెప్పింది. వీధంతా గొడుగులతో సహా మాస్టారి వైపు తిరిగింది.

"ముందే చెప్పొచ్చుగా?" అన్నారాయన కూతురితో.

"రుజువు కోసం వెళ్తున్నారుగా, మధ్యలో ఆపడమెందుకని."

ఆయన నవ్వి గుండీ పెట్టుకున్నారు. అధికారులకు పటాలు అరగంట ఆలస్యంగా చేరాయి.

నెల తిరిగేసరికి పై అధికారుల నుంచి పటాలమ్మాయికి ఉత్తరం వచ్చింది: ఒకే వీధిలో నలభై మంది ఒకే పూట చర్మ పరీక్ష చేయించుకున్నారు కాబట్టి, ఆ రోజు వాతావరణంలో ఏం మార్పు వచ్చిందో పటం గీసి పంపమని.