నమోదైన ప్రయత్నం

రెండు వేల తొమ్మిది జనవరిలో ఒక శుక్రవారం ఉదయం, మత్తిగిరి కాపురస్తుడూ, హోసూరులోని ఒక కర్మాగారపు స్టోర్సు విభాగానికి ఏలికా అయిన వెంకటరామప్ప సగం దినం సెలవు పెట్టి, తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కంప్యూటరు పక్కన ఆసీనుడయ్యాడు. తలపెట్టిన కార్యం స్వల్పమైనది. కూతురు అంబిక ఆదివారం కృష్ణగిరిలో బ్యాంకు గుమాస్తా పరీక్ష రాయాలి. అందుకు హాల్ టికెట్టును ఇంటర్నెట్టులోంచి దింపుకోవాలి. ఆ సైటు శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికి మూతపడుతుంది.

చివరి రోజు దాకా ఆగడం సోమరితనం వల్ల కాదు. అతని తల్లి దొడ్డమ్మ మంగళవారం పనికిరాదన్నది, బుధవారం నవమి అన్నది, గురువారం అంతా సిద్ధమయ్యాక ఎవరో తుమ్మారు. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు వరకు రాహుకాలం గనుక తొమ్మిది ముప్పావుకు మొదలుపెట్టి పదింటికల్లా ముగించవలెనని ఆమె తీర్పు చెప్పింది. ఆ తీర్పు మీద అప్పీలు చేసుకునే న్యాయస్థానం ఆ ఇంట్లో లేదు.

అంబిక అడ్రసు కొట్టింది. తెర ఒక్కసారి తెల్లబోయి, నడుమ ఎర్రని ఇంగ్లీషు అక్షరాలు వెలిశాయి. వాటి తాత్పర్యం ఇది: ఈ పేజీ నిషిద్ధం. మీ ప్రయత్నం నమోదైనది.

ఆమె ఇంకొక సైటు తెరిచింది. అదే నిషేధం. రైళ్ల వేళలు అడిగింది, వాన సంగతి అడిగింది. ప్రతి ప్రయత్నమూ నమోదైంది.

"నమోదైందంటే యాడ నమోదైందమ్మా?" వెంకటరామప్ప గొంతు తగ్గించి అడిగాడు.

"నాకేం తెలుసు నాయనా. ఇంటర్నెట్టు బాక్సు ఆపి మళ్లా వేస్తాను, సరిపోతుందేమో."

"చెయ్యి పెట్టొద్దు. సాక్ష్యం చెరిపినారంటారు. దానికి వేరే సెక్షను ఉంటుంది."

ఇరవై ఏళ్లుగా స్టోర్సులో ఉన్నవాడికి ఒక సత్యం తెలుసు. తనిఖీ నడుస్తున్నప్పుడు అరలోని బోల్టును సర్దినవాడే బోల్టు దొంగ అవుతాడు. ఈ విధంగా, గృహయంత్రాల రోగాలలో తొంభై పాళ్లు కుదిర్చిన దివ్యౌషధం ఆ ఇంట్లో ఆ ఉదయం నిషేధింపబడింది. బస్టాండు దగ్గరి బ్రౌజింగ్ సెంటరుకు పోయొస్తానని అంబిక అంటే దానికీ అతను ఒప్పుకోలేదు. అక్కడ గుర్తింపు కార్డు చూపించి పుస్తకంలో సంతకం చేయాలి. ఒక చోట నమోదైన ఇంటి పిల్ల గంట తిరగకుండా ఇంకొక చోట నమోదైతే, ముఠా అనరా?

ఇక మిగిలిన దిక్కు మోహన్‌కుమార్. అతను వెంకటరామప్ప భార్య పుష్పావతికి తమ్ముడు, అదే కర్మాగారంలో కంప్యూటర్లు చూసేవాడు, ఈ ఇంట్లో బాక్సు బిగించినవాడు. కానీ అక్కడ సెల్‌ఫోన్లు గేటులోనే అప్పజెప్పి లోపలికి పోవాలి. అంబిక గేటుకు ఫోను చేసి కబురు పెట్టింది. కబురు గేటు దాటిందో లేదో చెప్పగలవారు లేరు.

అంబిక భయం పన్నెండు గంటల భయం. ఈ పరీక్ష తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి, ఆ ఏడాదిలో ఇంటివాళ్లు తనకు వేరే ఏర్పాట్లు చేస్తారని ఆమెకు తెలుసు. వెంకటరామప్ప భయం వేరే జాతికి చెందినది. కిందటి ఆదివారం అందరూ కెలవరపల్లి డ్యాము చూడబోయినప్పుడు అతను తలనొప్పి మిషతో ఇంట్లో ఉండిపోయాడు. నడినెత్తి మీద వేగంగా విస్తరిస్తున్న మైదానానికి మందు వెతుకుతూ, మిణుకుమిణుకుమంటున్న ఒక నూనె ప్రకటన మీద నొక్కాడు. ఒక స్త్రీ ప్రత్యక్షమైంది. కురుల విషయంలో ఆమె ఎంత ఉదారురాలో, వస్త్రాల విషయంలో అంత పొదుపరి. వెంకటరామప్ప వెంటనే మెయిన్ స్విచ్చి ఆపి, కిటికీలు మూసి పావుగంట చీకట్లో కూర్చున్నాడు. ప్రభుత్వం ఆ పావుగంటను మరిచిపోలేదని ఇప్పుడు అర్థమైంది.

స్టోర్సులో ఒక ఆచారం ఉంది. సంజాయిషీ అడిగే కాగితం రాకముందే సంజాయిషీ ఇచ్చుకున్నవాడికి శిక్ష సగమే పడుతుంది. వెంకటరామప్ప పొడుగాటి తెల్లకాగితం తీసుకుని, "అయ్యా, దిగువ సంతకం చేసిన నేను, కేశవృద్ధి నిమిత్తము" అని ఆరంభించాడు. అక్షరాలు పేరంటానికి పోతున్నట్టు వంపులు తిరిగాయి.

కాఫీ తెచ్చిన పుష్పావతి ఆ కాగితమూ ఆ వంపులూ చూసి గ్లాసు కింద పెట్టేసింది.

"తెలిసిపోయిందా? తప్పు నాదే. పిల్ల ఫోటో పెండ్లిండ్ల సైటులో నేనే పెట్టించినాను. ఎత్తు రెండంగుళాలు ఎక్కువ రాయించినాను. అంతకు మించి ఏమీ చేయలేదు."

అంబిక కుర్చీతో సహా తల్లి వైపు తిరిగింది. తనను అడగకుండా తన ఎత్తు పెంచే అధికారం ఎవరిచ్చారని ఆమె నిలదీసింది. మగపెళ్లివారెవరైనా కొలబద్దతో ఫిర్యాదు చేసి ఉంటారని పుష్పావతి కన్నీళ్లు పెట్టుకుంది. వెంకటరామప్ప ఈ అపరాధాన్ని రెండవ పేరాగా చేర్చి, భార్య సంతకం కోసం ఆ పత్రాన్ని మొదటినుంచీ చదివి వినిపించవలసి వచ్చింది. మొదటి పేరా పూర్తయ్యేసరికి ఆమె కన్నీళ్లు ఆరిపోయాయి.

"ఆ నూనె ఆమెకు శానా బాగా పనిచేసినట్టుండాదే," అన్నది పుష్పావతి.

"నేను సీసానే చూసినాను."

"సీసా చూసేదానికి మెయిన్ స్విచ్చి యాల ఆపినావు?"

"గంట పదకొండు," అన్నది అంబిక. "మీ పాపాలన్నీ పన్నెండు దాటినాక చెప్పుకోండి. నా బతుకు ఈడ మూతపడతా ఉండాది."

ఇంత జరుగుతున్నా దొడ్డమ్మ కూర్చున్నచోటి నుంచి కదలలేదు. చాటలో అనపకాయలు ఒలుస్తూ, గోడమీది క్యాలెండరును ఒకసారి, గుడ్డ కప్పిన బాక్సును ఒకసారి మార్చి మార్చి చూస్తోంది. ఒలిచిన గింజలు పొట్టులోకీ, పొట్టు గింజల్లోకీ పోతున్నాయి. ఆ ముఖంలో అంతటి భయం అంతకు ముందు ఎవరూ చూసి ఎరుగరు. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు, పెద్దావిడకు ఇంటర్నెట్టుతో ఏం సంబంధమని.

పదకొండూ ఎనిమిదికి వెంకటరామప్ప సంజాయిషీ మడిచి జేబులో పెట్టుకుని, పోలీసు స్టేషనుకు పోవడానికి చెప్పులు తొడుక్కున్నాడు. అదే క్షణంలో మోహన్‌కుమార్ గేటుపాసు చేతపట్టుకుని లోపలికి వచ్చాడు. తెర చూశాడు. చేతి గడియారం చూశాడు. నవ్వాడు. ఆ ఉదయం ఆ ఇంట్లో ఆ నవ్వు అసభ్యంగా వినిపించింది.

"ఇది పోలీసులు కాదు బావా, మన బాక్సే. మూడు వారాల ముందు అత్తనే పెట్టించింది."

బాక్సు వచ్చిన రోజున, రాహుకాలంలో ఇది పని మొదలుపెట్టకుండా కట్టడి చేయగలవా అని దొడ్డమ్మ అతన్ని అడిగింది. రెండు రాగి ముద్దలూ నాటుకోడి పులుసూ తిని కూర్చున్నవాడు కాదనలేకపోయాడు. పిల్లలు చూడరాని సైట్లను ఆపడానికి ఆ బాక్సులో ఒక ఏర్పాటు ఉంది. ఏ రోజు ఏ వేళ ఆపాలో దానికి చెప్పవచ్చు. వారంలోని ఏడు రోజులకూ ఏడు రాహుకాలాలు లెక్కగా ఎక్కించాడు. ఆ వేళల్లో ఆ ఇంట్లో ఎవరూ కంప్యూటరు ముట్టరు గనుక ఇన్నాళ్లూ ఎవరికీ తెలియలేదు. నమోదు జరిగేది ఆ బాక్సు కడుపులోనే. దాన్ని చదివేవాడు భూమండలంలో లేడు.

అప్పుడు దొడ్డమ్మ మాట్లాడింది.

"నేను చెప్పింది శుక్రవారం పదిన్నరకప్పా. అది తొమ్మిది ముప్పావుకే పట్టుకునింది. పెట్టె తప్పా, క్యాలెండరు తప్పా అని పొద్దన్నుంచి ప్రాణం కొట్టుకుంటా ఉండాది. క్యాలెండరే తప్పయితే, వీడి పెండ్లి ముహూర్తం ఎట్లా పెట్టించినట్టు?"

వెంకటరామప్ప, పుష్పావతి ఒకరినొకరు చూసుకున్నారు. ఆ ప్రశ్న ఇద్దరికీ కొత్తది కాదు.

మోహన్‌కుమార్ విషయం విడమరిచి చెప్పాడు. రాత్రి కరెంటు పోయి ఒంటిగంటకు పావు తక్కువకు వచ్చింది. కరెంటు పోతే ఈ బాక్సు కాలాన్ని మరిచిపోతుంది. మళ్లీ వచ్చినప్పుడు తాను అప్పుడే పుట్టాననీ, అది రెండు వేల సంవత్సరం జనవరి ఒకటి, అర్ధరాత్రి అనీ నమ్ముతుంది. ఆ రోజు శనివారం. శనివారం రాహుకాలం తొమ్మిది నుంచి పదిన్నర. దాని తొమ్మిది మనకు తొమ్మిది ముప్పావు.

"ఆపి మళ్లా వేస్తే అర్ధరాత్రి అనుకుని అడ్డం తీసేస్తుంది. అంతే," అని అతను స్విచ్చి వైపు చెయ్యి చాచాడు.

"చెయ్యి తియ్యి," అన్నది దొడ్డమ్మ. "ఇప్పుడు నిజమైన రాహుకాలం. పన్నెండు దాకా ఎవురూ ఏమీ మొదలుపెట్టేది లే."

"పన్నెండుకు సైటు మూసేస్తారవ్వా," అన్నది అంబిక. ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండునని అందరికీ అనిపించింది.

దొడ్డమ్మ మనుమరాలి ముఖం చూసింది. చాట పక్కన పెట్టింది.

"మోహనా, ఆ పెట్టెలో ఈ పొద్దు ఏ వారమన్నావు?"

"శనివారం అత్తా."

"దానికి గంట ఎంతయింది?"

"పది ఇరవై ఆరు."

"దాని రాహుకాలం పదిన్నరకు పోతుంది కదా. పని చేసేది అది. చూడాల్సింది దాని వేళ, మన వేళ కాదు. నాలుగు నిమిషాలు గమ్మునుండండి."

యుగసంధిలో నిలబడినట్టు ఆ కుటుంబం ఆ బాక్సు ముందు నిలబడింది. వెంకటరామప్ప చెప్పులు విప్పాడు. పదకొండుంబావుకు అంబిక మీట నొక్కింది. ఎర్ర అక్షరాలు మాయమై ఆమె ఫోటో, నంబరు, కృష్ణగిరి చిరునామా వరుసగా దిగాయి. ఆమె హాల్ టికెట్టును పెన్‌డ్రైవులోకి ఎక్కించి, దాన్ని గుప్పిట్లో బిగించి, అప్పుడు ఏడ్చింది.

మోహన్‌కుమార్ తెర మీది వివరాలు బిగ్గరగా చదువుతూ పోయి, చివరి వరుస దగ్గర గొంతు తగ్గించాడు. పరీక్ష ఆదివారం సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు వరకు. ఆదివారం రాహుకాలం కూడా ఒక్క నిమిషం ఎక్కువ తక్కువ లేకుండా అంతే. నలుగురూ దొడ్డమ్మ వైపు తిరిగారు.

ఆమె చాటను మళ్లీ ఒళ్లోకి తీసుకుని, ఒక అనపకాయ ఒలిచి, "ఆ బ్యాంకోళ్ల పెట్టెలో ఆ పొద్దు ఏ వారమో కనుక్కో మోహనా," అన్నది.