ఐలవ్వ మంచానికి సిగ్నల్ బాగుంది

"లోకంలో ఎవరికి ఆపదొచ్చినా ఆదుకునే టెక్నాలజీ మన ఒడ్డుపల్లె నుంచే పుడుతుంది!" అని ఎమ్మెల్యే గారు ప్రకటించగానే సదానందం అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. మండలంలో చప్పట్లు మొదలుపెట్టే బాధ్యత పార్టీ అతనికే అప్పగించింది. అందులో ఏనాడూ మాట రానివ్వలేదు.

మంచిర్యాల దాటి అడవి వైపు పోతే, వాగు అవతల ఉంటుంది ఒడ్డుపల్లె. వాగు పొంగిందంటే ఊళ్లో మనిషి ఊళ్లోనే. అందుకే ఒక పెద్ద యూనివర్సిటీ, ఒక విదేశీ సేవాసంస్థ కలిసి మందులు మోసే డ్రోన్ తయారుచేశాయి. అది వాగు దాటి వచ్చి ఎమ్మెల్యే గారికి శాలువా అందించింది. జనం మురిసిపోయారు.

"నొప్పులచ్చిన ఆడిపిల్లను గూడ మోస్తదా సారూ?" అని ఊరి పెద్దావిడ ఐలవ్వ అడిగింది. "గీ వాగు మీద బ్రిడ్జి కట్టియ్యిండ్రి, సాలు."

"బ్రిడ్జి పాతకాలపుదవ్వా. జర ముందుకు సూడాలె," అన్నారు ఎమ్మెల్యే గారు ఎంతో ఓపిగ్గా.

"మరి ఇన్నాళ్లూ ఎలా దాటిస్తున్నారమ్మా?" అన్నారు డ్రోన్‌తో పాటు వచ్చిన యూనివర్సిటీ ప్రొఫెసర్ గారు.

ఐలవ్వ తన నులకమంచం చూపించింది. వెదురు బొంగులు కట్టి నలుగురు భుజానికెత్తుకుంటే, పీకల్లోతు నీళ్లలోనూ మంచం మీది మనిషి తడవదు. ఊళ్లో మిగిలినవన్నీ ఇనుప మంచాలే. వాటిని నీళ్లలో మోయడం ఎవరి తరమూ కాదు.

ప్రొఫెసర్ గారి కళ్లు చెమర్చాయి. "జీరో ఫ్యూయల్! సెన్సార్లు, కెమెరా పెడితే గ్లోబల్ మోడల్! వెంటనే ల్యాబ్‌కు తీసుకెళ్లాలి."

"పట్కవోతే ఎట్ల? సదానందం బిడ్డకు నెలలు నిండినయ్," అన్నది ఐలవ్వ.

తొలికాన్పుకు పుట్టింటికి వచ్చిన నవనీత నడుము పట్టుకుని తండ్రి వైపు చూసింది. సదానందం బిడ్డ వైపు ఒక అడుగు వేశాడు. కానీ ఎమ్మెల్యే గారు కూడా అతని వైపే చూస్తున్నారు.

"లోకం కోసం గింత సెయ్యకుంటే ఎట్ల ఐలవ్వా? వానలకింక టైమున్నది," అని మంచాన్ని తానే నెత్తిన పెట్టుకుని వాగు దాటించాడు. ఆ ఫొటో పేపర్లో వచ్చింది.

వానకు పార్టీ క్రమశిక్షణ లేదు. ముందే వచ్చింది. వాగు పొంగిన పూటే నవనీతకు నొప్పులు మొదలయ్యాయి. అవతలి ఒడ్డున అంబులెన్సు హారన్ కొడుతోంది. ఖాళీ ఇనుప మంచం ఎత్తి చూసిన నలుగురూ మోకాలి లోతులోనే కూలబడ్డారు.

సదానందం ప్రొఫెసర్ గారికి ఫోన్ చేశాడు. "సార్, మంచం జల్ది పంపుండ్రి. నా బిడ్డ పాణం మీదికచ్చింది!"

"కంగారుపడకండి. మంచం ఎక్కడుందో, ఎలా ఉందో అంతా లైవ్‌లో కనిపిస్తుంది. మీ ఫోన్‌కు పంపిన యాప్ తెరవండి."

తెరిచాడు. సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంది. మంచం హైదరాబాద్‌లో, ఏసీ హాల్లో, వేదిక మీద ఉంది. దాని మీద మెడలో దండతో ఎమ్మెల్యే గారు వెల్లకిలా పడుకుని ఉన్నారు. చుట్టూ విదేశీ ప్రతినిధులు నిలబడి చప్పట్లు కొడుతున్నారు.

ఇంటి లోపలి నుంచి నవనీత "బాపూ!" అని కేక పెట్టింది.

తెర మీద పచ్చటి అక్షరాలు వెలిగాయి: "నాడి సాధారణం. రోగిని క్షేమంగా వాగు దాటించాం."