పాత కెమెరా ఉన్నంత కాలం

కెమెరా మార్చాలా వద్దా అని తేల్చుకోలేకపోవడం ఒక జబ్బని కొందరు అంటారు. శుద్ధ తప్పు! అది వరం. పాఠక మహాశయులారా, ఆ వరం నిండుగా పొందిన ఒక మహానుభావుడి సంగతి చెబుతాను, విని మీరే ఒప్పుకోండి.

ఆయన ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిములు చూస్తాడు. ఇంకో కాగితం అడగకుండా ఏ ఫైలునూ కదలనివ్వడు. ఆఫీసు దాటితే ఆయనకున్న లోకం ఒక్కటే, బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు. చేతిలో ఆరేళ్ళ నాటి డిజిటల్ కెమెరా ఉంది. నిక్షేపంగా పనిచేస్తోంది. ఆయన బాధల్లా అదే. పాడైపోయి ఉంటే కొత్తది కొనడానికి ఒక సాకు దొరికేది.

మార్కెట్లో రంగులు అసలే పట్టని కెమెరా ఒకటుంది. నలుపు తెలుపులు మాత్రమే తీస్తుంది. ధర మాత్రం రంగులు తీసేదానికి రెట్టింపు! నవ్వకండి. కూర లేకుండా భోజనం పెట్టి రెండు భోజనాల బిల్లు వేసే హోటలుకు మీరూ నేనూ వెళ్ళం. కళాకారుడు క్యూలో నిలబడతాడు. మనవాడు మూడేళ్ళుగా ఆ క్యూలోనే ఉన్నాడు.

ఇలా ఉండగా మామగారు ఒక కోరిక కోరారు. ఆయనది నలభై ఏళ్ళ నాటి సెలూన్. ఆ బిల్డింగు పడగొడుతున్నారు, నెలాఖరుకు ఖాళీ చేయాలి.

"నా కుర్చీ పక్కన నేను నిలబడినట్టు, పాతకాలంలో లాగా బ్లాక్ అండ్ వైట్‌లో ఒక్క ఫోటో తీయండి అల్లుడుగారూ. హాల్లో పెట్టుకుంటాను," అన్నారు.

ఒక్క ఫోటో! ఇంతకంటే పెద్ద బాధ్యత ఉంటుందా? అంతటి ఫోటోను పాత కెమెరాతో తీసేసి చేతులు దులుపుకోమంటారా? ముందు పరీక్షలు జరగాలి. పాతది చాలదని తేలితే కొత్తది కొనాలి. ఫోటో సంగతి ఆ తర్వాత.

మొదటి ఆదివారం మామగారు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, కుర్చీ పక్కన నిలబడ్డారు. అల్లుడు స్టాండు బిగించి, ఒక కన్ను మూసి, పెదవి విరిచాడు.

"కొంచెం పక్కకు జరగండి మామయ్యా. మీ చొక్కా తెలుపు కుర్చీ నలుపును మింగేస్తోంది. ముందు కుర్చీని ఒక్కదాన్నే టెస్ట్ చేస్తాను."

మామగారు జరిగారు. రెండో ఆదివారం అద్దాన్ని పరీక్షించాడు. మూడో ఆదివారం పొడి టవలునూ తడి టవలునూ పక్కపక్కన ఆరేసి తీశాడు. గడ్డం గీయించుకుంటున్న కస్టమరును ఆపి, ఆయన చెంప మీద నురగను తీశాడు. మామగారు ప్రతి ఆదివారం ఆ చొక్కాకు ఇస్త్రీ చేయించుకునే వచ్చారు. ప్రతి ఆదివారం పక్కకు జరిగారు.

ఇంటికి వచ్చాక అల్లుడు ఆ నురగను కంప్యూటర్లో కుంచాలంత బుడగలయ్యే దాకా పెంచి చూసేవాడు. మధ్యమధ్యలో నిపుణుల వీడియోలు. ఒక నిపుణుడు కొనమన్నాడు, ఇంకొకడు వద్దన్నాడు. ఆ ఇద్దరూ చొక్కా మార్చుకుని వచ్చిన ఒకే మనిషని భార్య కనిపెట్టింది.

"మా నాన్నని ఒక్క ఫోటో తీయడానికి ఇంకెన్ని చూడాలండీ?" అంది.

"తొందరపడితే జీవితాంతం బాధపడాలి."

"ఎవరు? మీరా, మా నాన్నా?"

ఆయనకు వినిపించలేదు. ఇయర్‌ఫోన్లు మంచివి.

ఇక వరం సంగతికి వద్దాం. కొత్త కెమెరా కొన్నాడే అనుకోండి. ఫోటో పేలవంగా వచ్చిందే అనుకోండి. అప్పుడు తప్పు ఎవరిది? పాత కెమెరా ఉన్నంత కాలం ఆయన గొప్ప ఫోటోగ్రాఫరే, పాపం పరికరం చాలడం లేదంతే! అది పోతే మిగిలేది తనొక్కడే. ఈ సంగతి ఆయనకు తెలుసు. తెలిసి లోలోపల భయపడేవాడు కూడా.

నెలాఖరు ఎవరి కోసమూ ఆగలేదు. కుర్చీ మామగారి వరండాలోకి చేరింది. వారం తిరక్కుండా సెలూన్ గోడలు కూలాయి. ఆ ఆదివారం అల్లుడు పాత కెమెరా భుజాన వేసుకుని, భార్యతో కలిసి వెళ్ళి, తీసినవన్నీ ట్యాబ్‌లో చూపించాడు. కుర్చీ, అద్దం, టవళ్ళు, నురగ. రెండు వందల పైచిలుకు ఫోటోలు. మామగారు కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటే ఓపికగా జరిపారు. ఒకదాంట్లో అద్దం అంచున ఆయన మోచేయి కనిపించింది. అక్కడ కాసేపు ఆగారు.

"బాగున్నాయి అల్లుడుగారూ," అన్నారు చివరికి. "నలభై ఏళ్ళు ఆ కొట్లో నేను లేనేలేనట్టు భలే తీశారు."

అల్లుడికి తల కొట్టేసినట్టయింది. తప్పు కెమెరా మీదికి తోయబోయి, దాన్ని భుజం మీంచి తీసి పక్కన పెట్టాడు.

"జుట్టు బాగా పెరిగింది, కూర్చోండి," అంటూ మామగారు కుర్చీ దులిపారు.

కత్తెర పని అయ్యాక మామగారు అల్లుడి తల వంచి, మెడ వెనక గీయడానికి కత్తి తీశారు. భార్య పాత కెమెరా అందుకుని, ఎవరినీ ఎటూ జరగమనకుండా, ఒక్కటి నొక్కింది. తెచ్చి తండ్రి కళ్ళ ముందు పెట్టింది. ఫోటోలో ఆయన చొక్కా వెలుతురుకు తెల్లగా వెలిసిపోయింది, చేతులు కదిలి మసకబారాయి. మామగారు అల్లుడి మెడ మీంచి కత్తి తీయకుండానే వంగి చూశారు.

"హాల్లోకి ఇదే," అన్నారు.

అల్లుడు ఓరకంట చూశాడు. షట్టర్ స్పీడ్ చాలలేదు. అదే కొత్త కెమెరా అయి ఉంటేనా అని చెప్పడానికి నోరు తెరిచాడు కూడా. కానీ మెడ మీద కత్తి ఉంది. కత్తి పట్టుకున్న మనిషి చాలా రోజుల తర్వాత నవ్వుతున్నాడు.