కన్వీనర్‌గారి బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్

జెద్దాలోని యావత్ తెలుగు ప్రజానీకాన్ని అప్పుల ఊబిలోంచి శాశ్వతంగా పైకి లాగే చరిత్రాత్మక కార్యక్రమానికి శుక్రవారం జుమా నమాజు అయ్యాక షరఫియాలో శ్రీకారం చుడుతున్నట్టు పార్టీ గల్ఫ్ విభాగం కన్వీనర్ బాబావలిగారు ప్రకటించారు. ప్రకటన వాట్సాప్ గ్రూపులో, ఆయన సొంత గొంతుతో, నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు సాగింది. మధ్యలో ఎవరో రెండు టన్నుల కంప్రెసర్ ఎక్కడ పెట్టావని హిందీలో గదమాయించడం కూడా వినిపించింది గానీ, ప్రజాసేవలో ఇలాంటి అంతరాయాలు మామూలే. పగటిపూట బాబావలి ఒక ఏసీల కంపెనీలో స్టోర్‌కీపరు.

సౌదీలో రాజకీయ సభలు పెట్టకూడదు. అందుకని గల్ఫ్ విభాగం జరిపే ప్రతి సభా ఎవరిదో ఒకరి పుట్టినరోజు అవుతుంది. ఆ శుక్రవారం కార్యదర్శి కొర్నేలు వంతు వచ్చింది. కోనసీమ నుంచి వచ్చి ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తున్న కొర్నేలు ఆ ఏడాది పుట్టడం అది నాలుగోసారి. బిర్యానీ హోటల్ మేడమీద అతను అలవాటైన చేత్తో కేకు కోశాక, బాబావలి లేచి ఉద్యమ స్వరూపం వివరించాడు. ఒక బ్యాంకు కార్డు మీద పేరుకుపోయిన బాకీని ఇంకో బ్యాంకు కార్డు మీదికి మార్చుకోవచ్చు. కొత్త బ్యాంకు ఆరు నెలల దాకా వడ్డీ అడగదు. దీన్నే బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ అంటారు.

వెనక కూర్చున్నవాళ్లకు బుర్రకెక్కలేదు. బాబావలి రాయచోటి మనిషి. కష్టమైన విషయాన్ని తేలిక చేసి చెప్పడం ఆయనకు పుట్టుకతో వచ్చింది.

"మనూరి ఎమ్మెల్యే ఆ పార్టీలో నుంచి ఈ పార్టీలోకి దూకినాడా, లేదా? దూకినాక పాత కేసు ఒక్కటన్నా కదిలిందా? అప్పు గూడా అంతేనబ్బా. పార్టీ మారితే సల్లబడతాది."

అందరికీ అర్థమైపోయింది. అక్కడికక్కడే నలభై ఒక్క మంది పేర్లు రాయించుకున్నారు. ముందుగా తానే కార్డు తీసుకుని చూపిస్తానని, ఆ తర్వాతే జనం కదలాలని నాయకుడు షరతు పెట్టాడు. త్యాగం అంటే అదీ.

ఈ త్యాగం వెనక చిన్న చరిత్ర ఉంది. రెండేళ్ల కిందట మంత్రిగారు, అప్పట్లో మాజీ, పదకొండు మంది పరివారంతో మక్కాకు ఉమ్రా యాత్రకి వచ్చారు. హోటలు, కార్లు, ఖర్జూరాలు, వెళ్లేటప్పుడు తలా ఒక ఊద్ అత్తరు సీసా, అన్నీ కలిపి ముప్పై ఒక్కవేల నాలుగువందల రియాళ్లు బాబావలి కార్డు మీదే నడిచాయి. విమానాశ్రయంలో మంత్రిగారు ఆయన భుజం మీద చెయ్యివేసి, "మన ప్రభుత్వం వస్తే ప్రవాసుల మండలిలో మొదటి పేరు నీదే మస్తానూ" అన్నారు. మస్తాన్ ఎవరో బాబావలికి తెలీదు. ఆ చెయ్యి బరువుకు అడగబుద్ధి కాలేదు. తర్వాత ప్రభుత్వం వచ్చింది. మాజీ పోయి మంత్రి అయ్యారు. పేరు మాత్రం రాలేదు. పద్నాలుగు వినతిపత్రాలు పంపినా జవాబూ రాలేదు.

అప్పటినుంచీ నెల జీతంలో దాదాపు సగం కార్డుకే పోతోంది. అయినా అసలు బాకీ అంగుళం తగ్గలేదు. రాయచోటిలో బాబావలి సొంతిల్లు గోడల దాకా లేచి ఆగిపోయింది. పైన స్లాబు పడాలి, ముప్పై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు. పక్కవీధిలో అద్దెకుంటున్న భార్య సురయ్యా ప్రతి శుక్రవారం ఆ గోడల ఫోటో తీసి పంపుతుంది. కింద ఒక్క ముక్కా రాయదు. వానలు దగ్గరపడుతున్నాయి. ఆరు నెలలు వడ్డీ తప్పితే ఆ డబ్బుతో స్లాబు వేయించేయొచ్చు. బాబావలి లెక్క చాలా కచ్చితమైనది. సభలో చెప్పుకోలేదు గానీ, ఆయన గుండె నిండా ఆ ముప్పై బై ఇరవయ్యే ఉంది.

దరఖాస్తు ఫోనులోనే. పేరు, జీతం, నివాస అనుమతి ఇఖామా నంబరు గబగబా అయిపోయాయి. తర్వాత ఒక ప్రశ్న వచ్చింది: మీరు గానీ, మీ సన్నిహితులు గానీ రాజకీయ ప్రముఖులా? బ్యాంకులు అందరినీ అడిగే ప్రశ్న ఇది. జెద్దాలో ఉన్న స్టోర్‌కీపర్లందరూ చదవకుండానే 'కాదు' మీద వేలు నొక్కి ముందుకు పోతారు.

బాబావలి ఆగాడు. మళ్లీ చదివాడు. పదిహేనేళ్ల ప్రవాస జీవితంలో ఒక సంస్థ ఆయన్ని ఈ ప్రశ్న అడగడం ఇదే మొదటిసారి. కళ్లు చెమ్మగిల్లాయి. 'అవును' నొక్కి, వివరాలు రాయమన్న చోట ఖాళీ చాలక, మంత్రిగారికి శాలువా కప్పుతున్న ఫోటోలు మూడు, తన లెటర్‌హెడ్డు ఒకటి జత చేశాడు.

రెండో రోజు మెసేజ్ వచ్చింది. తమ బ్యాంకు పట్ల చూపిన ఆసక్తికి కృతజ్ఞతలు, దరఖాస్తును అంగీకరించలేకపోతున్నందుకు విచారం. కొర్నేలు కూడా అదే రోజు ఊరికే చూద్దామని దరఖాస్తు పెట్టి 'కాదు' నొక్కితే తొమ్మిది నిమిషాల్లో మంజూరైంది. నాయకుడి మీద గౌరవంతో అతను ఆ సంగతి పైకి చెప్పలేదు.

బాబావలి బ్యాంకుకు ఫోన్ చేశాడు. ఇంగ్లీషు, హిందీ దాటి చివరికి కార్డుల విభాగంలో అఫ్షాన్ అనే హైదరాబాద్ అమ్మాయి దొరికింది. ఆయన యాస విని తెలుగులోకి దిగింది.

"రాజకీయాలల్ల ఉన్నోళ్లకు వేరే రూలు ఉంటది సార్. పైసలు ఎట్లొస్తున్నయో చూడాలె."

"మాకు రావమ్మా. పోతాయి."

ఆ పిల్ల మంచిది. పార్టీతో సంబంధం లేదని పార్టీయే ఒక లెటర్ ఇస్తే మళ్లీ చూస్తారని దారి చెప్పింది.

బాబావలికి అన్నం సయించలేదు. గల్ఫ్ విభాగానికి కన్వీనరే లేడంటే పార్టీ ఏమైపోవాలి. పెద్దలు ససేమిరా ఒప్పుకోరని, మంత్రిగారైతే బాధపడి ఫోన్ చేసినా చేస్తారని ఆయన భయం. అలా ఫోన్ వస్తే ఏమనాలో కూడా కొర్నేలు ముందు రెండుసార్లు చెప్పి చూసుకున్నాడు. ఇది ఉత్తుత్తి లెటరేనని, మనసులో మాత్రం పార్టీ అలాగే ఉంటుందని నచ్చజెప్పుతూ మంత్రిగారికి పెద్ద మెసేజ్ పెట్టాడు.

నలభై నిమిషాల్లో లెటరొచ్చింది. మంత్రిగారి లెటర్‌హెడ్డు మీద, సీలుతో సహా. 'షేక్ బాబావలి అనే వ్యక్తికి మా పార్టీతో ఎలాంటి సంబంధమూ లేదు. గతంలో లేదు. ఇకముందు ఉండబోదు.' దాని కింద మంత్రిగారు స్వహస్తాలతో ఇంకో వాక్యం చేర్చారు: 'ఇతన్ని నేను ఎన్నడూ చూడలేదు.' కాగితాన్ని బల్లమీద పెట్టి ఫోటో తీసినట్టున్నారు. మూలన ఊద్ అత్తరు సీసా సగం కనబడుతోంది.

కొర్నేలు చదివి ఫోను మెల్లిగా తిరిగిచ్చాడు. బాబావలి సీసాని గుర్తుపట్టాడు, నాలుగువందల రియాళ్లది. తర్వాత లెటరు పెద్దది చేసి మళ్లీ చూశాడు.

"పేరు కరెక్టుగా రాసినాడు సూడు. ఇంటిపేరుతో గూడా."

"రాశారండి" అన్నాడు కొర్నేలు.

లెటరు బ్యాంకుకు పోయింది. నాలుగు రోజులు కమిటీ దగ్గర నలిగింది. అయిదో రోజు అఫ్షానే ఫోన్ చేసింది. చెప్పడానికి ఆమె ఇబ్బంది పడుతోందని గొంతులోనే తెలుస్తోంది.

"సార్, మామూలు మనిషి కోసం మంత్రి అప్పటికప్పుడు సొంత సంతకంతోని లెటర్ ఇయ్యడంట. మీరు ఆయనకు మస్తు దగ్గరోళ్లని రాసిన్రు. రిజెక్ట్ అయింది."

బాబావలి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆ మాట రాతపూర్వకంగా ఇస్తారా అని అడిగాడు. అరగంటలో ఈమెయిల్ వచ్చింది: దరఖాస్తుదారు మంత్రికి అత్యంత సన్నిహితుడు అయినందున కార్డు తిరస్కరించడమైనది. రెండేళ్లుగా పార్టీ గుర్తించనిదాన్ని బ్యాంకు అయిదు రోజుల్లో గుర్తించింది. గ్రూపులో ఈమెయిల్ పెట్టగానే అభినందనలు కురిశాయి. నలభై ఒక్క మందీ చప్పట్లు పెట్టారు. వాళ్లలో ముప్పై ఎనిమిది మందికి అప్పటికే కార్డులు వచ్చేశాయన్నది వేరే విషయం. కన్వీనర్‌గారికి శుక్రవారం పౌరసన్మానం చెయ్యాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. కొర్నేలు ఇంకోసారి పుట్టడానికి ఒప్పుకున్నాడు.

ఆ సంబరంలోనే బాబావలి ఇంటికి ఫోన్ చేసి ఈమెయిల్ మొత్తం చదివి వినిపించాడు. సురయ్యా అడ్డురాకుండా వింది. నిన్న రాత్రి తొలి వాన పడిందని, గోడల్లోకి నీళ్లు దిగాయని చెప్పింది.

"అయితే బ్యాంకోళ్లకు తెల్సిందన్నమాట మీరు పెద్ద లీడరని. ఆ కాగితం ఫ్లెక్సు కొట్టించి పంపండి. గోడల మీద కప్పుకుంటాం."

ఫోన్ పెట్టేసింది.

సాయంత్రం బాబావలి, కొర్నేలు షరఫియాలో ఫ్లెక్సుల షాపుకు వెళ్లారు. బ్యాంకు ఈమెయిలు, మంత్రిగారి పక్కన బాబావలి ఫోటో, కింద సన్మానకర్తల పేర్లు, పైకి మాత్రం పుట్టినరోజు శుభాకాంక్షలు. డిజైను సిద్ధమైంది. హోటల్ మేడమీద గోడకు ఆరు బై నాలుగు సరిపోతుందని కొర్నేలు కొలిచి వచ్చాడు.

"ఆరు బై నాలుగు వద్దు" అన్నాడు బాబావలి. "ముప్పై బై ఇరవై కొట్టమను. నీళ్లు దిగని రకం."

అంత పెద్దది మేడమీద పట్టదని కొర్నేలు నసిగాడు. బాబావలి వినిపించుకోలేదు. కౌంటర్ దగ్గరికి వెళ్లి, జేబులోంచి పాత కార్డు తీశాడు.