రేటు పెరిగింది, మా ఇల్లు బాగుపడింది

కరెంటు రేటు పెంచిన పెద్దాయనకు మనం సన్మానం చెయ్యాలి! నవ్వకండి. పొద్దున్నే, బుర్ర చల్లగా ఉన్న వేళలోనే ఈ మాట రాస్తున్నాను.

ఎక్కడో కరెంటు తయారీకి గ్యాసు రావడం ఆగింది, ఇక్కడ యూనిట్ ధర రెట్టింపయింది. దాంతో మా ఇంటికి మహర్దశ పట్టింది. గదికొకరుగా బతికే మేం ఇప్పుడు ఒకే లైటు, ఒకే ఫ్యాను కిందికి చేరాం. ఏళ్ల తర్వాత నేనూ మా ఆవిడా ఎదురెదురుగా కూర్చున్నాం. ఆమెకు కళ్లజోడు వచ్చిందని నాకు అప్పుడే తెలిసింది! ఇంతకు మించిన సంసార సుఖం ఏముంటుంది?

ఫ్రిజ్ ఆపేసి అందులో దుప్పట్లు సర్దాం. ఇస్త్రీ మానేసి, ప్యాంట్లు పరుపు కింద పరిచి వాటి మీద నేను పడుకుంటున్నాను. మొన్న ఆఫీసులో చూస్తే మా మేనేజరు ప్యాంటు మీద కూడా పరుపు కుట్ల అచ్చులే! సమానత్వం ఇంకెలా వస్తుందండీ?

ఇరుగుపొరుగు ప్రేమ సంగతి చెప్పనే లేదు. ఆదివారం సాయంత్రం ఇంట్లో అన్నీ ఆపేసి, పై అంతస్తు టైలరుగారి ఫ్యాను కింద కబుర్లాడదామని అమ్మతో సహా బయల్దేరాం. మెట్ల మధ్యలో టైలరుగారి కుటుంబం ఎదురైంది. వాళ్లూ అన్నీ ఆపేసి మా ఇంటికే వస్తున్నారట! మీరు రండంటే మీరు రండని మర్యాదలకు పోయి, చివరికి అందరం మెట్ల మీదే కూలబడ్డాం. అక్కడి బల్బు ఇంటి ఓనరు ఖాతాలోది మరి.

ఈలోగా అమ్మకు ఆయాసం ముంచుకొచ్చింది. ఆమెకు పూటపూటా మందు ఆవిరి పట్టే కరెంటు మెషిన్ ఉంది. పొద్దున పెట్టుకోలేదా అని అడిగాను.

"వారం నుంచీ ఆపేశాన్రా. అందరూ ఏదో ఒకటి మానేస్తున్నారుగా, నా వంతు నేనూ మానేశా" అంది.

గబగబా ఇంట్లోకి తీసుకెళ్లి మెషిన్ పెట్టాం. అమ్మ ఊపిరి కుదుటపడింది. నాదే ఇంకా కుదుటపడలేదు.

నిన్న పేపర్లో పెద్దాయన ప్రకటన చదివాను. రేటు పెంచాక జనం అనవసరపు వాడకం వాళ్లంతట వాళ్లే మానుకున్నారట, ఎవరికీ ఇబ్బంది లేదట. మా వీధి చివర నగల దుకాణం బోర్డు మాత్రం పట్టపగలు కూడా ధగధగలాడుతూనే ఉంది. అది అవసరం కాబోలు! మా ఇంట్లో అనవసరమైపోయింది మా అమ్మ ఊపిరి.

అందుకే సన్మానం మా మెట్ల మీదే పెట్టుకున్నాం. పెద్దాయనకు అమ్మ పక్కనే చోటు ఉంచాం. వచ్చి కాసేపు కూర్చుని, ఆ ప్రకటన ఆమెకు చదివి వినిపిస్తే చాలు.