పాసైతే పంపరు

మాత్రలు వేసుకునే వేళ గుర్తుచేసే యాప్ తయారుచేస్తున్న ఆ సంస్థలో, ప్రతి విడుదలకు ముందు, యాప్ సరిగా పనిచేస్తోందా అని చూసే ఒక పరీక్షను శాస్త్రోక్తంగా ఫెయిలు చేయించే ఆచారం ఉంది. అందుకు ప్రత్యేకంగా ఒక సీనియర్ ఇంజినీరు ఉన్నాడు. పరీక్ష ఫెయిలైతేనే యాప్ బయటికి వెళ్తుంది. ఎందుకని అడిగినవారు లేరు.

కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది. ఆ వారంతో ఆమె ప్రొబేషను ముగుస్తోంది. ఉద్యోగం ఖాయమైతే హాస్టలు గది వదిలి, అమ్మతో కలిసి ఇల్లు తీసుకోవాలని ఆశ. అయినా నోరు ఊరుకోలేదు, ఏం చేస్తాం!

విడుదల ఎప్పుడు జరగాలో చెప్పే బిల్డు ఫైలు తెరిచింది. "పరీక్షలు పాసై, ఆదివారం కాకపోతే పంపు" అని మామూలు మనిషి ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. ఆ ఫైలు రాసిన ఎక్స్ఎంఎల్ అనే కంప్యూటరు భాషలో అది మర్యాద కాదు. "మరియు"కో బ్రాకెట్టులాంటి ట్యాగు, "లేదా"కో ట్యాగు, "కాదు"కో ట్యాగు; తెరిచిన ప్రతిదాన్నీ మళ్ళీ మూయాలి. ఆ ఒక్క ముక్క నలభై లైన్లయింది. అంతటి గంభీర రచనను చదివే సాహసం చేయలేక పెద్దలందరూ భక్తితో ఆమోదించేశారు.

ఆమె చదివింది. ఆదివారం దగ్గరే మూయాల్సిన "కాదు"ను ఎవరో రెండు లైన్లు కిందుగా మూశారు. దాంతో పరీక్షలు కూడా అందులో ఇరుక్కున్నాయి. అంటే ఆదివారమూ కాకూడదు, పరీక్షలూ పాసవకూడదు. ఆమె ఆ మూత పైకి జరిపింది.

మర్నాడు సీనియర్ ఇంజినీరు యథావిధిగా పరీక్ష ఫెయిలు చేశాడు. విడుదల ఆగిపోయింది. సంస్థ పెద్దసారు సభ పెట్టారు.

"మూడేళ్ళలో ఒక్క విడుదలైనా ఆగిందా? మన పద్ధతికి నాణ్యతా పత్రం కూడా ఉంది! ఇంతమంది అనుభవాన్ని ఒక్క ట్యాగుతో అవమానిస్తావా, అమ్మా?"

"పరీక్ష ఫెయిలు చేయకపోతే సరిపోతుంది కద సార్..."

"మరి ఆయన్నేం చేయమంటావ్? ఇద్దరు పిల్లలు ఆయనకి!"

గదంతా అయ్యోపాపం అంది. ఖాయం చేసే కాగితం పెద్దసారు చేతి కిందే ఉంది, ఇంకా సంతకం కాలేదు. ఆమెకు ఏడుపొచ్చింది. ట్యాగును తానే కిందికి దించింది. యాప్ వెళ్ళిపోయింది, సంతకమూ అయిపోయింది.

సాయంత్రం అమ్మకు ఫోన్ చేసింది.

"ఉద్యోగం ఖాయమైందమ్మా! ఒక్క మాట, నీ ఫోన్లో మా యాప్ తీసెయ్. మాత్రల వేళలు కాగితమ్మీద రాసుకో."

"అదేమిటే? నువ్వు చేసిందేగా?"

"అందుకే చెప్తున్నా."

ఈ సలహా ఆమె మరెవరికీ ఇవ్వలేదు. ఖాయమైన ఉద్యోగి కదా, సంస్థ పరువు చూసుకోవద్దూ! మిగతా అమ్మలందరికీ యాప్ సకాలంలో అందింది.