బేకరీ గోడ వెనక గ్యాసు లేదు

ఊళ్ళో ఎక్కడా గ్యాసు కారడం లేదని పురపాలక సంఘం ఏకగ్రీవంగా తీర్మానించినట్టు ప్రజలందరికీ ఇందుమూలంగా తెలియజేయడమైనది. ఇకమీదట ఎవరికైనా వాసన తగిలితే అది వారి సొంత బాధ్యత.

ఇంత చక్కని తీర్మానం ఊరికే పుట్టలేదు. దాని వెనక ఎందరో పెద్దల కృషి ఉంది. ఒక రొట్టెలాయన మొండితనం కూడా ఉంది.

రొట్టెలాయనది తండ్రి నాటి బేకరీ. ముందు గదిలో అమ్మకం, నడిమి గదిలో కట్టెల బట్టీ, వెనక గదిలో కాపురం. కాపురమంటే తనూ, భార్యా, మంచం పట్టిన తల్లీ. ఊరు గుర్రుపెట్టే వేళ అతను పిండి పిసుకుతాడు. ఊరు ఆవులిస్తూ లేచేసరికి రొట్టెలు దించుతాడు. ఊరు పనిలోకి పోయాక తలుపు చేరవేసి పడుకుంటాడు. మాట పొదుపు మనిషి. రొట్టె మాడితే భార్య తిడుతుంది, బాగా వస్తే ఊరు మెచ్చుకుంటుంది. రెండింటికీ ఒకే తల ఊపు.

ఊరి చివరి బీడు భూమిలో కంపెనీవారు గ్యాసు బావి దించినప్పుడు ఆ గ్యాసు పట్టుకుపోవడానికి గొట్టం కావలసి వచ్చింది. గొట్టానికి దారి కావలసి వచ్చింది. దగ్గరి దారి బేకరీ గోడ వెంబడే ఉంది. నివాస గృహాల పక్కన గొట్టం వెయ్యకూడదని నియమం. నియమమంటే సంఘానికి ప్రాణం. అందుకని గుమాస్తాని పంపి, బేకరీ నివాసమో కాదో తేల్చుకు రమ్మన్నారు. మనిషి రాత్రిపూట నిద్రపోయే చోటే నివాసమని సంఘం వారి నిర్వచనం. రొట్టెలాయన రాత్రిపూట నిద్రపోడు. భార్య పిండికి సాయం పడుతుంది కాబట్టి ఆవిడా నిద్రపోదు. ముసలావిడకి ఎలాగూ నిద్ర పట్టదు. అందువల్ల సదరు ఇల్లు నివాసం కాదని గుమాస్తా రాసుకున్నాడు.

"మరి పగలు పడుకుంటాం కదయ్యా!" అంది రొట్టెలాయన భార్య.

"పగలు పడుకుంటే అది కునుకమ్మా. కునుకు నియమాల్లో లేదు" అన్నాడు గుమాస్తా. మర్యాదస్తుడు, వెళ్తూ రెండు రొట్టెలు కూడా తీసుకెళ్ళాడు.

గొట్టం పడింది. ఊరు చప్పట్లు కొట్టింది. సభ్యులందరి ఇళ్ళకీ కంపెనీవారు ఒక్కో ఫ్యాను పంపారు.

కొన్నాళ్ళకి ఒకరోజు రొట్టెలాయన బట్టీ వెలిగిద్దామని కట్టెపుల్ల అంటించాడు. బట్టీ నోటి దాకా కూడా పోకముందే మంట పక్కకి వంగింది. గోడ పగులు వైపు నాలుక చాపి నీలంగా మారింది. గోడ అవతల నుంచి పాము బుసకొట్టినట్టు చప్పుడు. కుళ్ళిన గుడ్ల వాసన. పుల్లని గబుక్కున తడిపిండిలో గుచ్చి ఆర్పేశాడు. ఆ పూట బట్టీ వెలగలేదు. కలిపిన పిండి పొంగి పొంగి తొట్టి దాటి నేల మీదికి పాకింది. పెళ్ళయ్యాక అతను పిండి పారబొయ్యడం భార్య చూడటం అదే మొదలు.

"ఏమైంది?" అంది.

"గొట్టం కారుతోంది."

"అయితే?"

"వెలిగిస్తే మనం ఉండం" అన్నాడు. ఆవిడ వెనక గది కిటికీలు తెరిచి అత్తగారి మంచం వాటి దగ్గరికి లాగింది.

రొట్టెలాయన సంఘం ఆఫీసుకి వెళ్ళాడు. గ్యాసు పనులకి స్థానికంగా జవాబు చెప్పే మనిషి ఒకడు ప్రతి ఊళ్ళోనూ ఉండాలని పైనుంచి ఉత్తర్వు. సంఘం వారు దాన్ని తలదాల్చి వెంటనే ఒక కుర్చీ చేయించారు. మనిషిని నిదానంగా చూసుకోవచ్చు, కుర్చీయే లేకపోతే వచ్చినవాడు ఎక్కడ కూర్చుంటాడు? మంచి మెత్తటి కుర్చీ. పైన ప్లాస్టిక్ తొడుగు కూడా ఇంకా తియ్యలేదు. ఎదురుగా బల్ల మీద "జవాబుదారీ అధికారి" అని ఇత్తడి పలక. వారం వారం తుడుస్తారు.

"ఆయనకే చెప్పుకోండి" అన్నాడు గుమాస్తా కుర్చీ చూపించి.

"ఎవరూ లేరుగా?"

"మీరు చెప్పాల్సింది చెప్పండి. విన్నారా లేదా అన్నది మేం చూసుకుంటాం."

రొట్టెలాయన చుట్టూ చూశాడు. వరసలో ఇంకో ఇద్దరున్నారు, తొందరగా కానిమ్మన్నట్టు దగ్గుతున్నారు. ఇక చేసేది లేక చేతులు కట్టుకుని కుర్చీకి చెప్పాడు. గొట్టం, పగులు, నీలం మంట, మంచం మీది తల్లి, అన్నీ చెప్పాడు. జీవితంలో అంతసేపు ఒక్క బిగిన మాట్లాడింది ఆ కుర్చీతోనే. గుమాస్తా శ్రద్ధగా రాసుకున్నాడు: "ఫిర్యాదు సావధానంగా విన్నారు. అభ్యంతరం చెప్పలేదు."

అభ్యంతరం లేని ఫిర్యాదు కాబట్టి విచారణకి ఒక ఉపసంఘాన్ని వేశారు. దానికి పెద్దగా స్వయంగా పురపాలక సంఘం అధ్యక్షులవారే ఉండాలని అందరూ పట్టుబట్టారు. కుర్రతనంలో వచ్చిన జ్వరానికి అధ్యక్షులవారి ముక్కు పనిచెయ్యడం మానేసింది. మల్లెపువ్వైనా మురిక్కాలవైనా ఆయనకి ఒకటే. అంతకంటే నిష్పక్షపాతి ఎక్కడ దొరుకుతాడు? వాసన తెలిసినవాణ్ణి పంపితే అక్కడికి పోగానే ఏదో ఒక అభిప్రాయానికి వచ్చేస్తాడు.

అధ్యక్షులవారు బేకరీలో అటూ ఇటూ తిరిగి, గోడకి ముక్కు ఆనించి, దీర్ఘంగా పీల్చి, "నాకేం తెలియడం లేదు" అన్నారు. అక్షరాలా నిజం. వెంట వచ్చినవాళ్ళు రుమాళ్ళు ముక్కులకి అడ్డం పెట్టుకుని, అవునవునని తలలూపారు.

అయినా సంఘం అక్కడితో ఊరుకోలేదు. కుళ్ళిన గుడ్ల వాసన అని ఫిర్యాదులో ఉంది. బేకరీలో గుడ్లు ఉన్నాయి. వాసన ఎక్కణ్ణుంచి వస్తోందో తెలుసుకోవడానికి పెద్ద చదువులు అక్కర్లేదు కదా! ఆరోగ్య శాఖవారు వచ్చి ఉన్న గుడ్లన్నీ పగలగొట్టి చూశారు. ఒక్కటీ కుళ్ళలేదు. కుళ్ళిన గుడ్లే లేని చోట కుళ్ళిన గుడ్ల వాసన ఉండే అవకాశం లేదని నివేదిక ఇచ్చారు.

"పగలగొట్టినవి ఏం చేసుకోను?" అని అడిగింది రొట్టెలాయన భార్య.

"అట్టు పోసుకోండమ్మా."

"పొయ్యి వెలిగించకూడదనే కదయ్యా మొత్తుకుంటున్నాం!"

ఊళ్ళోవాళ్ళు జాలిగల మనుషులు. మూడు నాలుగు పూటల దాకా "పాపం" అన్నారు. తర్వాత పొద్దున్నే రొట్టె లేక నోరు చప్పబడింది. "అంత అనుమానం ఉంటే ఎలా బాబాయ్? మేమందరం బతకట్లేదూ?" అని బేకరీ గుమ్మంలోకి వచ్చి చెప్పడం మొదలుపెట్టారు. చెప్పేటప్పుడు ముక్కు మూసుకునేవాళ్ళు కాబట్టి మాట కొంచెం గొణిగినట్టు వినపడేది.

కంపెనీ తరఫున స్నేహసంబంధాల అధికారి వచ్చి బహిరంగ సభలో మాట్లాడాడు. "సోదర సోదరీమణులారా! మేమూ మీరూ ఒకే కుటుంబం. కుటుంబంలో ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరి దగ్గర్నుంచి వాసన వస్తుంది. అంతమాత్రాన ఇంటి పరువు వీధిలో పెడతామా? పెద్దమనసుతో కిటికీ తెరుస్తాం. ఆ పెద్దమనసు ఈ ఊరికి ఉందని నాకు తెలుసు!" సభ కరతాళధ్వనులతో మారుమోగిపోయింది. ఒక్క రొట్టెలాయన మాత్రం చప్పట్లు కొట్టలేదని పలువురు గమనించారు.

సమస్యకి పరిష్కారం చివరికి ఇంటివాడే కనిపెట్టాడు. రొట్టెలాయన తోడల్లుడు సంఘంలో సభ్యుడు. అయినవాడి గొడవలో న్యాయంగా ఉండాలంటే అయినవాడికి వ్యతిరేకంగా ఉండాలన్నది అతని సిద్ధాంతం. సభలో లేచి, "ఇన్ని మాటలెందుకు? అందరి ఎదుటా అన్నయ్య బట్టీ వెలిగిస్తే తేలిపోతుంది. గ్యాసు లేకపోతే ఊరికి రొట్టెలు దొరుకుతాయి. ఉంటే సంఘం తక్షణం చర్య తీసుకుంటుంది" అన్నాడు. ఇంత సూటి ఆలోచన ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టనందుకు అందరూ సిగ్గుపడ్డారు.

పరీక్ష ఆదివారం పొద్దున పెట్టారు. వీధికి బల్లలు, కుర్చీలు, నీడకి గుడ్డ, మైకు వచ్చాయి. మొదట కుర్చీలు బేకరీకి ఎదురుగా వేశారు. అధ్యక్షులవారు వచ్చి చూసి, ఎండ పడుతుందని కాస్త వెనక్కి వేయించారు. స్నేహసంబంధాల అధికారి వచ్చి, దుమ్ము లేస్తుందని ఇంకాస్త వెనక్కి అన్నాడు. తోడల్లుడు వచ్చి, జనానికి అడ్డమని మరికాస్త అన్నాడు. పనివాళ్ళు కుర్చీలు మోసి మోసి, చివరికి వీధి మలుపు దాటించి, రాతి గోడల గిడ్డంగి పక్కన దించారు. అక్కణ్ణుంచి బేకరీ బోర్డు కూడా కనపడదు. జనం మాత్రం పెద్దల్ని మించిపోకూడదన్న వినయంతో వాళ్ళకీ వెనకే నిలబడ్డారు.

రొట్టెలాయనా భార్యా తల్లి మంచం బయటికి మోసుకొచ్చి, ఆ జనం పక్కనే దించారు.

"ఇదేం పని వదినా? పెద్దావిణ్ణి ఎండలోకి తెచ్చావు" అన్నాడు తోడల్లుడు.

"గ్యాసు లేదు కదా మరిదిగారూ, మీరెందుకు ఇంత దూరం కూర్చున్నారు?"

"ఇక్కణ్ణుంచైతే అంతా బాగా కనపడుతుంది వదినా."

"ఏం కనపడుతోందేం?"

తోడల్లుడు మెడ చాచి చూశాడు. గిడ్డంగి గోడ కనపడింది. "నీతో ఎవరు వాదిస్తారులే" అని మైకు సరిచేసుకునే పనిలో పడ్డాడు.

మంచం మీద ముసలావిడ కొడుకు చెయ్యి పట్టుకుంది. "ఒరే, వీళ్ళందరూ దేనికొచ్చార్రా?"

"నేను పొయ్యి వెలిగిస్తే చూద్దామని."

"చూడ్డానికైతే దగ్గరికి పోతారు కదరా" అంది ముసలావిడ. అని చెయ్యి మాత్రం వదల్లేదు.

మైకులో పేరు పిలిచారు. రొట్టెలాయన తల్లి చెయ్యి విడిపించుకుని, జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. బేకరీ వైపు కాక, కుర్చీల వైపు నడిచాడు. నేరుగా పోయి అధ్యక్షులవారి ముందు చెయ్యి చాచాడు.

"ఏమిటిది?" అన్నారు అధ్యక్షులవారు, కుర్చీలో ఒదిగిపోతూ.

"వెలిగించి రండి."

"ఫిర్యాదు నీది కదయ్యా!"

"ఉందన్నవాణ్ణి నేను. ఉందని తెలిసినవాడు వెలిగించడు. లేదన్నది మీరు."

అధ్యక్షులవారు స్నేహసంబంధాల అధికారి వైపు చూశారు. అధికారి వాచీ చూసుకున్నాడు. రొట్టెలాయన వరస వెంట నడుస్తూ ఒక్కొక్కరి ముందూ అగ్గిపెట్టె పెట్టాడు. ఒకాయనకి నడుం నొప్పి గుర్తొచ్చింది. ఇంకొకాయన తన భార్యని అడగాలన్నాడు. తోడల్లుడు తన చేతులు మైకుతో నిండి ఉన్నాయని చూపించాడు. వరస అయిపోయాక రొట్టెలాయన జనం వైపు తిరిగాడు. అతను కొరివి పట్టుకొచ్చినట్టు జనం నాలుగడుగులు వెనక్కి వేశారు.

"పొద్దున్నుంచీ నిలబెట్టి ఇదా మర్యాద?" అని వెనక నుంచి ఎవరో అరిచారు. "ఈ మాత్రం ధైర్యం లేనివాడివి ఫిర్యాదెందుకు చేశావయ్యా?" అన్నారింకెవరో. ఇంత దూరం వచ్చి చూడకుండా తిరిగి వెళ్ళాల్సి వచ్చిందని చాలామంది మనసు కష్టపెట్టుకున్నారు.

సంఘం అక్కడికక్కడే సమావేశమైంది. ఫిర్యాదుదారుడు విచారణకి సహకరించలేదు. సహకరించలేదు గనక ఫిర్యాదు నిలవదు. ఫిర్యాదు నిలవదు గనక గ్యాసు లేదు. చేతులెత్తమంటే సభ్యులెత్తారు. వాళ్ళని చూసి, అడక్కపోయినా, జనమూ ఎత్తారు. ఊరు ఒక్కమాట మీద నిలబడటం చాలా ఏళ్ళ తర్వాత అదే. కంపెనీ గొట్టానికి ఏ మరమ్మతూ అవసరం లేదని, బేకరీ నడపడం లేదు కాబట్టి దాని లైసెన్సు రద్దని కూడా అదే ఊపులో తేల్చేశారు.

రొట్టెలాయన బేకరీకి తాళం వేసి, రెండు వీధుల అవతల అద్దె గదిలోకి తల్లి మంచం మార్చాడు. తను పక్క ఊరి బేకరీలో పిండి కలిపే పనికి కుదిరాడు. ఆ రొట్టెలే వ్యాన్లో ఈ ఊరికి వస్తున్నాయి. తింటున్నవాళ్ళు, "ఆ మొండివాడి రొట్టెల కంటే ఇవే నయం" అంటున్నారు. భార్య ఆ మాట అతనికి చెప్పింది. అతను ఎప్పటిలాగే తల ఊపాడు. కానీ ఆ పూట అన్నం దగ్గర కూర్చుని తినకుండానే లేచిపోయాడు.

బేకరీ వీధి ఇప్పుడు ప్రశాంతంగా ఉంది. అందరూ ఆ దారినే పనికి పోతారు. పిల్లలు బడికి పోతారు. అక్కడ గ్యాసు లేదని అందరికీ తెలుసు, ఎవరిని అడిగినా చెబుతారు. ఊరంతటికీ పరిశుభ్రమైన వీధిగా సంఘం దాన్ని ఎంపిక చేసి పలక కూడా పాతించింది. అయితే ఆ వీధి ఊడ్చే ఆవిడ మాత్రం రోజూ సణుగుతుంది. వీధి మొదట్లో ఒక కుప్ప, చివర్లో ఒక కుప్ప, సగమైనా కాలకుండా ఆర్పి పడేసిన సిగరెట్లు బుట్టలకొద్దీ ఎత్తాలిట. మధ్యలో మాత్రం వెతికినా ఒక్క పీక దొరకదుట. అవన్నీ ఆ రోజు పైకి లేచిన చేతులు పడేసినవే.